పెస్టలోజీ మహాశయుడు

మా విద్యార్థులలో పలువురకు పెస్టలోజీ పేరు క్రొత్తది కావచ్చును. ఉపాధ్యాయులు మాత్ర మెరుగుదురు. బిడ్డయందు లేనిదానికై వగవక యున్నదానిని వెదకి పెంపవలెననియు, సంతోషము లేని పిల్లవానికి చదువంటదనియు నమ్మి, ఆ నమ్మికకై సర్వము పోగొట్టుకొనిన యీ మహనీయుని చరిత్రమును సంగ్రహముగా వ్రాయుచున్నాము.

యోహాన్ హైన్రిక్ పెస్టలోజీ 1746 వ సంవత్సరము జనవరి 12 వ తేదీన స్విట్జర్లాండు దేశమందలి జూరిక్ పట్టణమున జన్మించెను. ఐదేండ్ల ప్రాయముననే తండ్రి గతించెను. తల్లియు, మరణశయ్యపై నున్న యజమానునకు మాట యిచ్చి యా యిల్లు విడువని బాబెలి యను పనికత్తెయు నాతనిని పెంచిరి. ఇల్లే మొదటి బడి యను తలంపు ఆయనకు గ్రంథములకంటె నీ యిరువురు స్త్రీలవలననే యెక్కువగా గలిగినదని మా యభిప్రాయము.

1769 లో వివాహమాడి నోయ్‌హోఫ్ అను చోట వ్యవసాయము చేసి నష్టపడెను. 1774 లో పేదపిల్లలను అచ్చటనే చేర్చుకొని, నూలు వడకుటతో పాటు చదువు నేర్పెను. కొన్ని యేండ్లకే యదియు నప్పులపాలై మూతపడెను. భార్య సొమ్మును గూడ నందే పోయినది. అంతకంటె బాధాకరమైన దొకటి కలదు. రూసో పండితుని గ్రంథము ననుసరించి తన యేకైక పుత్రుని పెంపబూనగా, పదునొకండేండ్లు వచ్చినను నా బాలుడు సరిగా చదువ వ్రాయ నేరడయ్యెను. సిద్ధాంతమును నమ్మి బిడ్డను చూడ మరచుట యెట్టిదో యీ తండ్రి తన యింటనే తెలిసికొనెను.

1798 లో ఫ్రెంచిసేనలు స్టాన్స్ గ్రామమును నాశనము చేయగా ననాథలైన బాలబాలికలు సుమా రెనుబదిమందిని, మరుసటి సంవత్సరారంభమున నొక కన్యకాశ్రమ భవనమున చేర్చుకొనెను. తోడుగా నున్నది యొక్క పనికత్తె మాత్రమే. గజ్జితో, చినిగిన గుడ్డలతో, భయముతో వచ్చిన యా పిల్లలతోనే తినెను, వారి నడుమనే పరుండెను. ముందు నేర్చినవారిచేత వెనుకబడినవారికి నేర్పించెను. కోపము వచ్చినపుడు చేయి చేసికొనుటయు గలదు. దాచుట మాకిష్టము లేదు. అయినను వారతనిని విడువలేదు. జూన్ మాసమున సేనలు భవనమును ఆసుపత్రికై తీసికొనుటచే నదియు ముగిసెను.

పిమ్మట బుర్గ్‌డార్ఫ్‌నందును, 1805 మొదలు 1825 వరకు ఇవర్డన్ కోటయందును పాఠశాల నడపెను. ఇవర్డన్‌లో బహుమానములు లేవు, తరగతిలో నెవడు మొదటివాడను లెక్కయు లేదు. ఏ బిడ్డనైనను నిన్నటి యా బిడ్డతోనే పోల్చి చూడవలెను. (మా పాఠశాలలో బహుమతుల దినమునకు కాచుకొనియున్నవారు మమ్ము క్షమింతురు గాక!) భూగోళపాఠ మిట్లు జరిగెడిది: పిల్లలను దగ్గరి లోయకు నడిపించుకొనిపోయి, దానిని నెమ్మదిగా చూడనిచ్చి, అచ్చటి బంకమన్నును మూటకట్టి తెచ్చి, బల్లలమీద నా లోయనే మరల కట్టించెడివారు. మరునాడు మరికొంత దూరము పోయి, చూచినదానిని చేర్చెడివారు. తమ చేతులతో లోయ యంతయు పూర్తియైన పిమ్మటనే పటము చూపెడివారు. తల, హృదయము, చేయి మూడును కలిసి పెరుగవలె ననుట కింతకంటె వివరణ మేల? ఫ్రోబెల్ 1808 లో నిచ్చటికి వచ్చి రెండేండ్లు నివసించెను. కిండర్‌గార్టెను నాతడే తరువాత స్థాపించెను.

ఉపాధ్యాయుల కలహములచే నా పాఠశాలయు నశించెను. 1815 లో భార్య మరణించెను. కుమారుడు 1801 లోనే పోయెను. వృద్ధుడు నోయ్‌హోఫ్‌నకు మరలి, 1827 ఫిబ్రవరి 17 వ తేదీన బ్రుగ్గ్ పట్టణమున కన్నుమూసెను. బిర్ గ్రామమున బడిప్రక్కనే ఆయనను పాతిపెట్టిరి. 1846 లో శతజయంతి సందర్భమున నచ్చట క్రొత్త బడి కట్టి, దాని గోడకే యాయన స్మారకమును నిలిపిరి.