ముక్కులు కొలిచిన దొర: ఎడ్గార్ థర్‌స్టన్

ఈసారి ఒక ఇంగ్లీషు దొర జీవితం రాస్తున్నాను. మహానుభావుడని కాదు, మన లంబాడీల గురించి కూడా పుస్తకంలో రాశాడని.

ఎడ్గార్ థర్‌స్టన్ 1855లో ఇంగ్లాండులో పుట్టాడు. లండన్‌లో డాక్టరు చదువు చదివాడు. 1885లో మద్రాసు వచ్చి ప్రభుత్వ మ్యూజియం పెద్ద అధికారి అయ్యాడు. మొదట్లో ముత్యాలు, పాత నాణేల గురించి రాశాడు. తర్వాత మనుషులను కొలవడం మొదలుపెట్టాడు.

తల పొడవు, వెడల్పు, ముక్కు అన్నీ కొలిచేవాడు. ముక్కు వెడల్పును పొడవుతో భాగించి 100తో గుణిస్తే ఒక అంకె వస్తుంది. ఆ అంకె ఎక్కువైతే తక్కువ కులం, తక్కువైతే గొప్ప కులం అని రిస్లే అనే ఇంకో దొర సిద్ధాంతం చేశాడు. మరి ముక్కు చూసి మనిషి గుణం ఎట్ల చెప్తరు? థర్‌స్టన్ చేతిలో పరికరం చూసి చాలామంది భయపడి ఉరికేవాళ్ళు. పోలీసులకు కూడా ఆయన ఈ కొలతలు నేర్పించాడు.

1909లో కె. రంగాచారి సాయంతో దక్షిణ దేశపు కులాలు, తెగల మీద 7 సంపుటాలు అచ్చు వేశాడు. నాలుగో దాంట్లో లంబాడీలు ఉన్నారు. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసిన సంగతి, ఆడవాళ్ళ బట్టలు, నగలు వివరంగా రాశాడు. దాంతోపాటే దొంగతనాల మాట కూడా రాశాడు. రోడ్లు, రైళ్ళు వచ్చి ఎద్దుల వ్యాపారం పోతే జనం ఏం తిని బతకాలి? ఒకరిద్దరు తప్పు చేస్తే జాతి మొత్తం దొంగలైతరా?

1871లో తెచ్చిన నేరస్థ జాతుల చట్టాన్ని 1911లో మద్రాసు రాజ్యానికి కూడా వర్తింపజేశారు. అందులో లంబాడీలను కూడా చేర్చారు. స్వాతంత్ర్యం తర్వాత 1952లో దాన్ని రద్దు చేశారు.

మన కంగ్టి అప్పుడు నిజాం రాజ్యంలో ఉండేది. ఇక్కడి కులాలు, తెగల గురించి 1920లో సయ్యద్ సిరాజుల్ హసన్ ఇటువంటి పుస్తకమే రాశాడు.

థర్‌స్టన్ 1935లో ఇంగ్లాండులో చనిపోయాడు. ముక్కు ఆకారానికి, తెలివికి సంబంధం లేదని, మనుషులందరిదీ ఒకటే జాతి అని ఇప్పుడు సైన్సు చెప్తున్నది.

ఆయన పుస్తకాన్ని పారేయమని నేను అనను. అందులో మన పాత సంగతులు ఉన్నాయి. కానీ దొర రాసిందంతా నిజమని నమ్మొద్దు. సెలవులకు తండాకు పోయినప్పుడు మీ తాతను, నాయనమ్మను అడిగి మన గోత్రాలు, పండుగలు, పాటల సంగతి రాసుకొని రండి. వచ్చే గోడ పత్రికలో పెడదాం.