గృహసీమలో కళాసాధన: జూలియా మార్గరెట్ కామెరాన్

ఉర్దూలో షౌక్ అనే చక్కని మాట ఒకటి ఉంది. తెలుగువారు సందర్భాన్ని బట్టి దానిని సరదా అనీ, అభిరుచి అనీ, వ్యాసంగమనీ చెప్పుకుంటారు. కాని ఆ మాట పుట్టిన అరబ్బీ భాషలో దాని అర్థం తపన, ఆరాటం. ఒక పనిని జీవనోపాధికోసం కాక కేవలం ఇష్టంతో చేసేవారిని ఆంగ్లంలో అమెచ్యూర్ అంటారు. లాటిన్ మూలాన్ని పరిశీలిస్తే ఆ మాటకు ప్రేమించేవాడనే అర్థం. దురదృష్టవశాత్తు కాలక్రమంలో ఈ రెండు మాటలూ చులకనైపోయాయి. షౌక్ అంటే తీరికవేళల కాలక్షేపమనీ, అమెచ్యూర్ అంటే పని సరిగా రానివాడనీ లోకం అనుకుంటున్నది. సంసారపు బాధ్యతల నడుమ, నడివయస్సు దాటబోయే వేళ, ఒక గృహిణి కేవలం షౌక్‌తో చేపట్టిన పని ఛాయాచిత్రకళ చరిత్రలో ఎంత ఉన్నతస్థానాన్ని సంపాదించుకున్నదో తెలుసుకుంటే ఈ మాటలకు మొదటి గౌరవం తిరిగి దక్కుతుంది. ఆ గృహిణి జూలియా మార్గరెట్ కామెరాన్.

ఆమె మన దేశంలోనే పుట్టింది. 1815వ సంవత్సరం జూన్ 11వ తేదీన కలకత్తా నగరంలో జన్మించింది. తండ్రి జేమ్స్ ప్యాటిల్ ఈస్టిండియా కంపెనీలో ఉన్నతోద్యోగి. తల్లి ఫ్రెంచి వంశీయురాలు. ఆ దంపతుల కుమార్తెలు కలకత్తా ఆంగ్ల సమాజంలో తమ సౌందర్యానికి పేరుపొందారు. జూలియాకు మాత్రం రూపవతి అన్న పేరు రాలేదు. చొరవకూ, వాక్చాతుర్యానికీ, ఔదార్యానికీ ఆమె ప్రసిద్ధి చెందింది. బాల్యంలో ఎక్కువ భాగం ఫ్రాన్సులో అమ్మమ్మ దగ్గర చదువుకుని, 1834లో తిరిగి కలకత్తా చేరుకుంది.

ఆ తరువాత అస్వస్థత కారణంగా గాలి మార్పుకోసం ఆఫ్రికా ఖండపు దక్షిణాగ్రాన ఉన్న కేప్ ప్రాంతానికి వెళ్లింది. అక్కడ 1836లో ఇద్దరితో కలిగిన పరిచయం ఆమె జీవితగతిని నిర్ణయించింది. వారిలో మొదటివాడు దక్షిణాకాశ నక్షత్రాలను పరిశీలించడానికి అక్కడ విడిది చేసిన సుప్రసిద్ధ ఖగోళశాస్త్రజ్ఞుడు సర్ జాన్ హెర్షెల్. రెండవవాడు న్యాయశాస్త్రకోవిదుడు ఛార్లెస్ హే కామెరాన్. మెకాలే అధ్యక్షతన ఏర్పడిన లా కమిషన్‌లో ఈ కామెరాన్ సభ్యుడు. 1860లో చట్టమై 2024 వరకు మన దేశంలో అమలులో ఉన్న భారత శిక్షాస్మృతికి ఆ కమిషన్ తయారుచేసిన ముసాయిదాయే పునాది. 1838 ఫిబ్రవరిలో కలకత్తాలో ఆయనతో జూలియా వివాహం జరిగింది. వరుడు వధువుకంటె ఇరవై ఏళ్లు పెద్ద. అయినా వారి దాంపత్యం నలభై ఏళ్లకు పైగా అన్యోన్యంగా సాగింది.

ఇక హెర్షెల్ మైత్రి మరొక విధంగా ఫలించింది. కాంతి సోకిన చిత్రం చెరగిపోకుండా నిలిపే హైపో అనే లవణాన్ని ఛాయాచిత్రకళకు అందించినవాడు ఆయనే. నెగెటివ్, పాజిటివ్ అని నేడు మనం వాడే మాటలు కూడా ఆయన పెట్టినవే. ఆ కళ కళ్లు తెరుస్తున్న రోజుల్లోనే ఆయన దాని వార్తలను లేఖలద్వారా కలకత్తాలో ఉన్న జూలియాకు తెలియజేశాడు; 1842లో కొన్ని నమూనా చిత్రాలను కూడా పంపాడు. ఆ విత్తనం మొలకెత్తడానికి ఇంకా ఇరవై ఏళ్లు పైగా పట్టింది.

1848లో కామెరాన్ ఉద్యోగ విరమణతో ఆ కుటుంబం ఇంగ్లండుకు తరలివెళ్లింది. ఒక కుమార్తె, అయిదుగురు కుమారులు కలిగిన ఆ ఇల్లాలు తన బిడ్డలతోబాటు బంధువుల అనాథ శిశువులను కూడా చేరదీసి పెంచింది. లండన్ శివార్లలో బిచ్చమెత్తుకుంటున్న మేరీ రయన్ అనే ఐరిష్ బాలికను ఇంటికి తెచ్చుకుని చదువు చెప్పించింది. 1860లో వైట్ ద్వీపంలోని ఫ్రెష్‌వాటర్ గ్రామంలో, మహాకవి టెన్నిసన్ నివాసానికి సమీపంలో, ప్రక్కప్రక్కనే ఉన్న రెండు ఇళ్లను కొని మధ్య ఒక బురుజు కట్టించి కలిపింది. సింహళంలో తమకున్న కాఫీ తోట పేరు మీదుగా ఆ ఇంటికి డింబోలా అని పేరుపెట్టింది. వచ్చేపోయే అతిథులతో, పిల్లల సందడితో ఆ ఇల్లు నిత్యం కళకళలాడుతూ ఉండేది.

1863 డిసెంబరు నాటికి పెద్ద కుమారులు వయసు వచ్చి ఇల్లు విడిచారు. కుమార్తె పెళ్లై వెళ్లింది. భర్త తోటల వ్యవహారం చూసుకోవడానికి సింహళం వెళ్లాడు. తల్లి ఒంటరితనాన్ని గ్రహించిన కుమార్తె జూలియా, అల్లుడు ఛార్లెస్ నార్మన్ కలిసి ఆమెకు కాలక్షేపంగా ఉంటుందని ఒక కెమెరాను కానుకగా ఇచ్చారు. అప్పటికి ఆమె వయస్సు 48 ఏళ్లు. అదివరకు ఛాయాచిత్రాలను సేకరించి ఆల్బములుగా కూర్చి ఆప్తులకు బహూకరించడం ఆమెకు అలవాటే గాని, సొంతంగా కెమెరా పట్టడం అదే మొదలు. ఆమెకు నేర్పే గురువు లేడు. నల్లబట్ట కప్పుకుని, ఏ వస్తువును ఎక్కడ పెట్టాలో కూడా తెలియని స్థితిలో ఆమె ప్రారంభించింది. బొగ్గుల కొట్టును ఖాళీ చేయించి చీకటి గదిగా మార్చింది. గాజు పలకలు బిగించి ఉన్న కోళ్ల గూటిలోనుండి కోళ్లను బయటకు పంపి దానిని చిత్రశాలగా చేసుకుంది. ఆ గాజు గదిలోనే తరువాత మహాకవులు, మహాశాస్త్రజ్ఞులు కదలక మెదలక కూర్చోవలసి వచ్చింది.

నేటి విద్యార్థులకు ఆనాటి ఛాయాచిత్రణ ఎంత శ్రమతో కూడినదో ఊహించడం కష్టం. ముందుగా గాజు పలకను శుభ్రంగా తుడిచి, దానిమీద కొలోడియన్ అనే జిగురు ద్రవాన్ని సమంగా పరచాలి. తరువాత చీకటి గదిలో దానిని సిల్వర్ నైట్రేట్ ద్రావణంలో ముంచాలి. ఆ తడి ఆరకముందే పలకను కెమెరాలో అమర్చి చిత్రం తీయాలి. తడి ఆరకముందే మళ్లీ చీకటి గదికి పరుగెత్తి రసాయనాలతో రూపాన్ని రప్పించి, నిలిపి, కడగాలి. అటుపిమ్మట గుడ్డు తెల్లసొన పూసిన కాగితం మీద ఎండలో ప్రింటు తీయాలి. ఇందులో ఏ ఒక్క ఘట్టంలో ధూళి పడినా, పొర చిట్లినా శ్రమంతా వృథా. చిత్రం తీయించుకొనేవారు కొన్ని నిమిషాలసేపు శిలాప్రతిమవలె ఉండిపోవాలి. గంటకు ఇంత అని సొమ్మిచ్చి కూర్చోబెట్టిన ఒక గ్రామీణ రైతు చిత్రం ఆమె మొదటి ప్రయత్నం. తడి పలకమీద తన చేయి తగిలి ఆ చిత్రం కాస్తా చెరిగిపోయింది. ఆమె నిరుత్సాహపడలేదు. 1864 జనవరి చివరలో యానీ ఫిల్‌పాట్ అనే చిన్నారి చిత్రం తీసి, అది తన తొలి విజయమని స్వయంగా పేరుపెట్టుకుని, ఆ పాపకు ఏ కానుకలు ఇద్దామా అని ఆనందంతో ఇల్లంతా తిరిగింది.

ఈ వ్యాసంగం ఇంటి పనులకు వేరుగా ఒక మూల సాగలేదు. ఇల్లే చిత్రశాల, ఇంటివారే చిత్రవస్తువులు. దాసి మేరీ హిల్లియర్ ఆమె కెమెరా ముందు మాటిమాటికీ కన్యమరియ అయింది. ఇరుగుపొరుగు పిల్లలు దేవదూతలయ్యారు. మేనకోడలు జూలియా జాక్సన్ ముఖంలో వెలుగునీడల లాస్యాన్ని ఆమె మళ్లీ మళ్లీ చిత్రించింది; ప్రఖ్యాత రచయిత్రి వర్జీనియా వుల్ఫ్ ఆ జాక్సన్ కుమార్తెయే. వెండి లవణపు మరకలతో ఆమె చేతులు, దుస్తులు నల్లబడి ఉండేవి. చిత్రం బాగా కుదిరితే చాలు, నీరు కారుతున్న గాజు పలకతోనే భోజనాల గదిలోకి పరుగెత్తుకు వచ్చి భర్తకు చూపేది. ఆ మరకలు ఎంత ఉతికినా వదలక ఎన్నో బల్లగుడ్డలు పాడైపోయాయి. అయినా ఆ వృద్ధుడు విసుక్కోలేదు. ప్రతి చిత్రాన్నీ ముందుగా చూసి మెచ్చుకునేవాడు. పురాణకథలోని మాంత్రికుడు మెర్లిన్ వేషం వేసుకుని కూర్చున్నపుడు మాత్రం నవ్వు ఆపుకోలేక కొన్ని పలకలను పాడుచేశాడని చెబుతారు.

దాసీలకూ, బిడ్డలకూ పట్టిన వెలుగునే ఆమె మహాపురుషులకూ పట్టింది. టెన్నిసన్, బ్రౌనింగ్, కార్లయిల్ వంటివారు ఆమె కెమెరా ముందు కూర్చున్నారు. 1867లో హెర్షెల్ ఇంటికి కెమెరా మోసుకువెళ్లి, తన గురుతుల్యుని నెరసిన జుట్టును వెలుగు పట్టేలా చెదరగొట్టి, చీకటినుండి ఆవిర్భవిస్తున్న నక్షత్రంవలె ఆయన ముఖాన్ని చిత్రించింది. 1868 వేసవిలో కుటుంబంతో ఫ్రెష్‌వాటర్‌లో విడిది చేసిన ఛార్లెస్ డార్విన్ చిత్రాన్ని తీసింది. తన చిత్రాలన్నిటిలోనూ డార్విన్‌కు అదే ఎక్కువగా నచ్చింది.

ఆనాటి ఛాయాచిత్రకారుల పత్రికలు మాత్రం ఆమెను ఆదరించలేదు. చిత్రాలు స్పష్టంగా లేవనీ, వేలిముద్రలు, ధూళిమచ్చలు కనిపిస్తున్నాయనీ, పని తెలియని పనితనమనీ ఎత్తిపొడిచాయి. ఈ ఆక్షేపణలో కొంత నిజం లేకపోలేదు. కాని అస్పష్టత అంతా అజ్ఞానంవల్ల కలిగినది కాదు. ముఖం తన కంటికి అందంగా కనిపించిన చోటనే కటకాన్ని త్రిప్పడం ఆపివేయడం ఆమె పద్ధతి. గీతగీసినట్లు ఉండే స్పష్టతకంటె మనిషి అంతరంగం ముఖంమీద తేలే క్షణమే ఆమెకు ప్రధానం. విమర్శలను పట్టించుకోక ఆమె 1864లోనే లండన్ ఫొటోగ్రాఫిక్ సొసైటీలో సభ్యత్వం తీసుకుంది. తన చిత్రాలకు హక్కులు నమోదు చేయించుకుంది. 1865లో సౌత్ కెన్సింగ్టన్ మ్యూజియం ఆమె చిత్రాలు కొన్నది; 1868లో తన భవనంలోనే రెండు గదులు చిత్రశాలగా వాడుకోవడానికి ఆమెకు అనుమతి ఇచ్చింది. 1866లో బెర్లిన్ ప్రదర్శనలో ఆమెకు బంగారు పతకం లభించింది.

ఆమె చిత్రాలు ఒక పెళ్లికి కూడా కారణమయ్యాయి. లండన్ ప్రదర్శనలో మేరీ రయన్ చిత్రాన్ని చూసి ముగ్ధుడైన హెన్రీ కాటన్ అనే యువకుడు 1867లో ఆమెను వివాహమాడాడు. ఒకనాడు బిచ్చమెత్తిన ఆ బాలిక ఆ విధంగా లేడీ కాటన్ అయింది. గోదావరికి ఆనకట్ట కట్టిన కాటన్ దొర వేరు, ఈయన వేరు. బెంగాలు సివిల్ సర్వీసులో పనిచేసి, భారతీయుల ఆకాంక్షలపట్ల సానుభూతి చూపి, 1904లో బొంబాయిలో జరిగిన భారత జాతీయ కాంగ్రెస్ మహాసభకు అధ్యక్షత వహించినవాడు ఈ హెన్రీ కాటనే.

కీర్తి వచ్చింది గాని సంపద రాలేదు. రసాయనాలకూ, గాజు పలకలకూ అయ్యే ఖర్చుకు చిత్రాల అమ్మకం ఏనాడూ చాలలేదు. 1869లో సింహళంలో కాఫీ ఆకులకు సోకిన తుప్పు తెగులు తోటలను క్రమంగా నాశనం చేసింది. 1873లో, కెమెరాను కానుకగా ఇచ్చిన కుమార్తె ప్రసవ సమయంలో మరణించింది. ఆ దుఃఖాన్ని దిగమింగుకుని, మరుసటి ఏడాది ఆమె తన గాజు గది జ్ఞాపకాలను వ్రాయడం మొదలుపెట్టింది. అది అసంపూర్ణంగానే మిగిలిపోయింది. ఆ రోజులలోనే టెన్నిసన్ కావ్యానికి చిత్రాలు తీసి, పుస్తకంలో అవి చిన్న చెక్కడపు బొమ్మలుగా కుంచించుకుపోవడం సహించలేక, అసలు ప్రింట్లతో పెద్ద సంపుటాలు సొంత ఖర్చుతో వెలువరించింది. 1875లో ఆ దంపతులు సింహళానికి తరలిపోయారు. ఒక ఆవునూ, పింగాణి సామాను నింపిన రెండు శవపేటికలనూ వెంట తీసుకువెళ్లారని ప్రసిద్ధి. అక్కడ ఆమె తీసినవాటిలో కొద్ది చిత్రాలే మిగిలాయి. 1879 జనవరి 26వ తేదీన ఆమె ఆ కొండల నడుమనే కన్నుమూసింది. మరుసటి ఏడాది భర్త కూడా గతించాడు.

ఈ జీవితాన్ని మెచ్చుకుంటూనే ఒక విషయాన్ని మరువరాదు. ఆమెకు చిక్కిన తీరిక వట్టిగా వచ్చినది కాదు. బావినుండి నీరు తోడి మోసిన సేవకుల శ్రమ, దక్షిణ భారతంనుండి వలసపోయి కాఫీ తోటల్లో చెమటోడ్చిన తమిళ కూలీల శ్రమ దాని వెనుక ఉన్నాయి. డార్విన్ పేరు, హెర్షెల్ పేరు చిత్రాల క్రింద నిలిచాయి. కలుతర ప్రాంతపు పేదల చిత్రం క్రింద వారి పేర్లు లేవు. అయినా తోటల యజమానురాలి కెమెరా వారివైపు కూడా అదే శ్రద్ధతో చూసిందనేది నిజం. ఆ ముఖాల్లోని గాంభీర్యం నేటికీ మనలను నిలబెట్టి చూస్తుంది.

మన హైదరాబాదుకు కూడా ఈ కథతో పోల్చదగిన చరిత్ర ఉంది. ఇందూరులో ప్రభుత్వోద్యోగం చేసుకుంటూ సరదాగా కెమెరా పట్టిన లాలా దీన్ దయాళ్ తరువాత ఆరవ నిజాము ఆస్థాన ఛాయాచిత్రకారుడై రాజా బిరుదు పొందాడు. 1892లో పరదా పాటించే స్త్రీలకోసం ఒక ఆంగ్ల మహిళ నిర్వహణలో ఆయన ఇక్కడ ఒక జనానా స్టూడియో నెలకొల్పాడు. ఆ గోడల వెనుక ఎందరు స్త్రీలు తమ రూపాన్ని మొదటిసారి కాగితంమీద చూసుకున్నారో! కాని తమ చేతితో కెమెరా పట్టే అవకాశం వారికి రాలేదు.

విద్యార్థినీ విద్యార్థులారా, మీ తల్లులలో ఎందరో చక్కగా కుట్టగలవారు, ముగ్గులు వేయగలవారు, మెహెందీ పెట్టగలవారు, గజళ్లు పాడుకోగలవారు ఉన్నారు. పిల్లలు పెరిగాక, పనులు తీరాక చూద్దామని వారు తమ షౌక్‌ను పెట్టె అడుగున దాచారు. జూలియా కామెరాన్ బిడ్డలు తమ తల్లి పెట్టెను తెరిచారు. సుమారు 1,200 చిత్రాలు నేడు లోకానికి దక్కాయంటే, ఆ కుమార్తె ఇచ్చిన కానుకా, మరకలు పడిన బల్లగుడ్డలను చూసి నవ్వి ఊరుకున్న ఆ భర్త సహనమూ అందుకు కారణాలు. మార్కులకూ, ఉద్యోగాలకూ మీరు చేసే కృషి తప్పక చేయండి. దానితోబాటు మీకు ఇష్టమైన పని ఒకదానిని ప్రేమతో సాధన చేయండి. ఇంట్లో మరొకరు అటువంటి సాధనకు పూనుకున్నప్పుడు బొగ్గుల కొట్టు ఖాళీ చేసి ఇవ్వడానికి వెనుదీయకండి.