తొంభై ఏళ్ల నిసే వీక్‌కు అభినందన

లాస్ ఏంజెలెస్ నడిబొడ్డున, సిటీ హాలుకు కూతవేటు దూరంలో లిటిల్ టోక్యో అనే చిన్న పేట ఉంది. చుట్టి రావడానికి అరగంట చాలు. ఏటా ఆగస్టు వచ్చిందంటే అక్కడి వీధుల్లో కార్లు ఆగిపోతాయి, తైకో డోళ్లు మోగుతాయి. కిమోనోలు కట్టిన బామ్మలు, హాపీ కోట్లు తొడుక్కున్న మనవలు వరుసలు కట్టి ఆడుతూ సాగుతారు. ఇరుపక్కలా అంగళ్లు, ముగ్గురు పట్టే గొడుగుల కింద తినుబండారాలు, ఆలయాల్లో ఇకెబానా పూల అమరికలు, బోన్సాయ్ చెట్లు, తేనీటి మర్యాదలు. ఈ పండుగ పేరు నిసే వీక్. 1934లో మొదలైంది. 2024తో తొంభై ఏళ్లు నిండాయి. ఆ సందర్భంగా ఆ వీధికీ, ఆ వీధిని నిలబెట్టిన మనుషులకూ మనసారా జేజేలు చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

తొంభై ఏళ్లు నిండిన ఏడాది జరిగింది మాత్రం ఎనభై రెండో పండుగ. కోవిడ్ వల్ల 2020, 2021 పోయాయి. అంతకు ముందు, 1942 నుంచి 1948 దాకా వరుసగా ఏడేళ్లు పండుగ లేదు. నిర్వాహకులు ఆ ఏళ్లను కలిపేసుకుని లెక్క పెంచుకోలేదు. జరిగినవే లెక్కించారు, జరగనివి జరగనట్టే ఉంచారు. నాకు ఈ పండుగ మీద గౌరవం మొదలైంది ఈ లెక్క దగ్గరే. ఏడేళ్లు ఎందుకు జరగలేదో, ఎనిమిదో ఏట ఎలా జరిగిందో తెలిస్తే తప్ప ఈ డోళ్ల చప్పుడు పూర్తిగా వినిపించదు.

1880ల మధ్యలో హమనొసుకె షిగెత అనే మాజీ నావికుడు ఈస్ట్ ఫస్ట్ స్ట్రీట్‌లో ఒక భోజనశాల తెరిచాడు. లిటిల్ టోక్యో చరిత్ర అక్కడి నుంచే మొదలుపెడతారు. ఆయన వెనక కూలీలు, జాలర్లు, రైతులు, చిల్లర వర్తకులు వచ్చారు. వాళ్లు ఇస్సే, అంటే వలస వచ్చిన మొదటి తరం. ఆనాటి అమెరికా చట్టం వారిని పౌరులు కానివ్వలేదు. కాలిఫోర్నియా చట్టం వారి పేరిట సాగు భూమి కొననివ్వలేదు. అక్కడే పుట్టిన వారి పిల్లలు, రెండో తరం నిసేలు, పుట్టుకతో అమెరికా పౌరులు. ఇంగ్లిషులో చదువుకున్నారు, బేస్‌బాల్ ఆడారు, బట్టలూ బూట్లూ కొనడానికి పేట దాటి పెద్ద దుకాణాలకు వెళ్లారు. అంతలో ఆర్థిక మాంద్యం వచ్చి పడింది. నాన్నల అంగళ్లలో బేరాలు లేవు.

అప్పుడు నిసే యువకుల సంఘమైన జపనీస్ అమెరికన్ సిటిజన్స్ లీగ్ వారి స్థానిక శాఖ, పేటలోని వర్తకులు కలిసి ఆలోచించారు. పండుగ పెడితే పిల్లలు వస్తారు, పిల్లలు వస్తే అంగళ్లు నిలుస్తాయి. మరుసటేడు పండుగ రాణిని ఎన్నుకునే పోటీ పెట్టి, పేటలో సరుకు కొన్నవారికి ఓట్ల చీటీలు ఇచ్చారు. వ్యాపారం కోసం పుట్టిన పండుగ అని కొందరు దీన్ని చిన్నచూపు చూస్తారు. నేను ఒప్పుకోను. అంగడి అంటే ఆ పేటలో సరుకు ఒక్కటే కాదు. ఊరి నుంచి ఉత్తరం వచ్చేది అంగడికే, పని దొరికేది అక్కడే, పెళ్లి సంబంధం కుదిరేదీ అక్కడే. అంగడి మూతపడితే పేట పోతుంది, పేట పోతే పాటా ఆటా పోతాయి. ఆ సంగతి తండ్రులకూ బిడ్డలకూ ఒక్కసారే అర్థమైంది. ఈ పండుగ మొదటి ఘనత అదే.

ఊరేగింపులో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఒందో. ఇది జపాన్‌లో పితృదేవతల కోసం వేసవిలో ఆడే బోన్ ఒదోరి కుటుంబానికి చెందిన నృత్యం. ఒకరు ఆడితే మిగతావారు చూసేది కాదు, అందరూ ఆడేది. అడుగులు తేలిక. చేతిలో ఉచివా విసనకర్ర, లేదంటే తెనుగుయ్ అనే పొడవాటి నూలు తువ్వాలు, ఒక్కోసారి చెక్క చిడతలు. నాలుగు అడుగులు ముందుకు, రెండు వెనక్కి, ఒక చప్పట, మళ్లీ మొదటికి. తెలంగాణలో బతుకమ్మ ఆడినవాళ్లకు దీన్ని విడిగా వివరించనక్కర్లేదు. చప్పట ఎక్కడ పడుతుందో చూసుకుంటూ, పక్కామె అడుగు చూసి మన అడుగు దిద్దుకుంటూ వలయంలో కలిసిపోవడమే.

ఈ నృత్యాల వెనక దశాబ్దాలు నిలబడిన గురువు ఫుజిమ కన్సుమ. 1918లో శాన్ ఫ్రాన్సిస్కోలో పుట్టి, లాస్ ఏంజెలెస్‌లో పెరిగారు. జపాన్ వెళ్లి, కబుకి నాటకరంగ దిగ్గజం ఆరో ఒనొఎ కికుగొరొ దగ్గర శిక్షణ పొంది, 1938లో గురుపరంపర ఇచ్చిన పేరుతో తిరిగొచ్చారు. యుద్ధకాలంలో ఆమెను ఆర్కన్సా రాష్ట్రంలోని రోవర్ నిర్బంధ శిబిరానికి పంపారు. ముళ్లకంచెల నడుమ కూడా ఆమె నాట్యం నేర్పడం మానలేదు. 1987లో అమెరికా ప్రభుత్వం సంప్రదాయ కళాకారులకిచ్చే నేషనల్ హెరిటేజ్ ఫెలోషిప్‌తో సత్కరించింది. 2023లో, 104 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఆమె శిష్యులు వందలూ వేలూ. తొంభై ఏళ్ల పండుగకు దండ వేయాలంటే మొదటి దండ ఆ తల్లి పటానికే వేయాలి.

ఇక ఆ ఏడేళ్ల సంగతి. 1941 ఆగస్టులో పండుగ జరిగింది. డిసెంబరు 7న జపాన్ పెర్ల్ హార్బర్ మీద దాడి చేసింది. 1942 ఫిబ్రవరి 19న అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ 9066వ ఆదేశం మీద సంతకం చేశాడు. పశ్చిమ తీరంలోని జపనీయ సంతతి వారందరినీ, పసిబిడ్డలతో సహా, ఇళ్లలోంచి తరలించారు. లక్షా ఇరవై వేలకు పైగా జనం. వారిలో మూడింట రెండొంతుల మంది అమెరికా పౌరులే. చేతులతో మోయగలిగినంతే తెచ్చుకోమన్నారు. లిటిల్ టోక్యోవాసులు ఫస్ట్ స్ట్రీట్, సెంట్రల్ అవెన్యూ కూడలిలోని నిషి హొంగ్వాంజి బౌద్ధాలయం ముందు బస్సులెక్కారు. మోయలేని సామాను ఆలయంలోనే దాచి వెళ్లారు. కొందరిని ముందు శాంటా అనీటా గుర్రప్పందేల మైదానంలో, గుర్రాలు కట్టే కొట్టాల్లో ఉంచారు. ఆ తర్వాత మంజనార్, హార్ట్ మౌంటెన్, రోవర్ వంటి పది శిబిరాలు. ఏ ఒక్కరి మీదా నేరం మోపలేదు, విచారణ లేదు.

ఖాళీ అయిన పేటలోకి దక్షిణాది నుంచి యుద్ధ కర్మాగారాల్లో పనికి వచ్చిన నల్లజాతివారు చేరారు. చాలా పేటల్లో వారికి ఇల్లు అద్దెకిచ్చేవారు లేరు. కొన్నేళ్ల పాటు ఆ పేటను బ్రాంజ్‌విల్ అన్నారు, జాజ్ క్లబ్బులు వెలిశాయి. ఒక జాతిని వెళ్లగొట్టిన చోట, వేరే పేటల్లో చోటు దొరకని మరో జాతి ఇరుకుగా బతికింది. ఈ అధ్యాయాన్నీ లిటిల్ టోక్యో తన చరిత్రలో భాగంగానే చెప్పుకుంటుంది. అందుకు ఆ పేట పెద్దలకు మరో నమస్కారం.

శిబిరాల్లో నిసే వీక్ జరగలేదు కానీ బోన్ ఒదోరి జరిగింది. ఎడారి దుమ్ములో, కాపలా బురుజుల నీడన, వలయాలు కట్టి ఆడారు. ఊరేగింపు ఆగింది, ఆట ఆగలేదు.

విడుదలయ్యాక తిరిగొచ్చినవాళ్లకు ఇళ్లు లేవు, పొలాలు లేవు. ఆలయాలే కొన్నాళ్లు వసతిగృహాలయ్యాయి. కొందరు ట్రెయిలర్లలో తల దాచుకున్నారు. ఎవరికీ కనపడకుండా, జపనీయులమని తెలియకుండా బతకడమే మేలని అనుకోవడానికి వాళ్లకు అన్ని కారణాలూ ఉన్నాయి. అలాంటి రోజుల్లో, 1949లో, మళ్లీ పండుగ పెట్టారు. తమను బస్సులెక్కించిన వీధిలోనే, నగరమంతా చూసేలా, కిమోనోలు కట్టుకుని ఆడారు. అప్పటికింకా ఇస్సేలకు పౌరసత్వం లేదు, భూమి కొనే హక్కూ లేదు. ఆ భూమి చట్టం మీద పోరాడి, 1952లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టులో గెలిచిన సెయ్ ఫుజీ ఇదే పేటలో పత్రిక నడిపినవాడు. పౌరసత్వం కూడా ఆ ఏడాదే వచ్చింది. అంటే చట్టం వీళ్లను మనుషులుగా ఒప్పుకోవడానికి మూడేళ్ల ముందే వీళ్లు వీధిలో పండుగ చేసుకున్నారు. నా దృష్టిలో తొంభై ఏళ్లలో అసలైన పుట్టినరోజు 1934 కన్నా 1949దే.

ఫస్ట్ స్ట్రీట్‌లో ఫుగెత్సు-దొ అనే మిఠాయి అంగడి ఉంది. 1903లో పెట్టారు, ఇప్పటికీ అదే కుటుంబం నడుపుతోంది. దంచిన బియ్యపు ముద్దలో తీపి గింజల పూర్ణం పెట్టి చేసే మొచి, గోధుమ పిండితో చేసే మంజు అక్కడి ప్రత్యేకత. హార్ట్ మౌంటెన్ శిబిరంలో ఉన్నప్పుడు తోటివారు తమ వంతు రేషను చక్కెర తెచ్చి ఆ ఇంటి పెద్ద చేతిలో పోసేవారనీ, ఆయన ఆ చక్కెరతోనే మిఠాయి చేసి పెట్టేవాడనీ చెబుతారు. యుద్ధం అయ్యాక అంగడి మళ్లీ తెరిచారు. ఆ కాలిబాట మీద నడిచేటప్పుడు కాస్త కిందికి చూడాలి. 1996లో షీలా లెవ్రాంట్ డి బ్రెట్‌విల్ అనే కళాకారిణి ఆ వీధిలో ఏ తలుపు దగ్గర ఏ అంగడి ఉండేదో కాలిబాటలోనే పొదిగింది. దాటిపోయిన అంగళ్ల పేర్ల మీదుగానే ఈ ఊరేగింపు చూడటానికి జనం నిలబడతారు.

మూడో తరం, అంటే సన్సేలు, పెద్దయ్యాక పండుగకు కొత్త గొంతులు వచ్చాయి. 1972 ఊరేగింపులో యువకులు వియత్నాం యుద్ధాన్ని నిరసిస్తూ నడిచారు. పెద్దలకు నచ్చలేదు. నాకు మాత్రం, పిల్లలు తమ మాట చెప్పడానికి ఇదే వీధిని ఎంచుకున్నారంటే పండుగ వాళ్లదైపోయినట్టే అనిపిస్తుంది. 1969లో సెన్షిన్ బౌద్ధాలయంలో కిన్నర తైకో అనే డోలు బృందం పుట్టింది. పెద్ద చెట్టు కాండం తొలిచి చేసే జపాన్ డోలు కొనే స్తోమత లేక, ద్రాక్షసారా పీపాలకు తోలు బిగించి డోళ్లు చేసుకున్నారు. అమెరికా అంతటా తైకో బృందాలు ఆ దారి పట్టాయి. కొన్నేళ్లకు ఆ తరమే అమ్మానాన్నల చేత శిబిరాల కథ నోరు విప్పి చెప్పించింది. 1988 ఆగస్టు 10న అమెరికా ప్రభుత్వం క్షమాపణ చెబుతూ, బతికున్న ఒక్కొక్కరికీ 20,000 డాలర్లు ఇచ్చే చట్టం చేసింది. బస్సులెక్కిన ఆ పాత ఆలయ భవనంలోనే 1992లో జపనీస్ అమెరికన్ నేషనల్ మ్యూజియం తెరుచుకుంది. నిర్బంధితుల్లో ప్రతి ఒక్కరి పేరునూ రాసిన ఇరెయ్‌చొ అనే పెద్ద పుస్తకాన్ని 2022లో అక్కడ ఉంచారు. అందులో 1,25,284 పేర్లు. వచ్చినవాళ్లు ఒక్కో పేరు పక్కన చిన్న ముద్ర వేసి వందనం చేశారు.

పేట మీద గండాలు ఆగలేదు. 1950లలో పోలీసు ప్రధాన కార్యాలయం కోసం ఒక బ్లాకు మొత్తం తీసుకున్నారు. 1970లలో హోటళ్ల కోసం పాత భవనాల్లో ఉండేవారిని ఖాళీ చేయించారు. 1995లో ఫస్ట్ స్ట్రీట్ ఉత్తరపు వరుసకు జాతీయ చారిత్రక ప్రదేశంగా గుర్తింపు వచ్చింది. అయినా 2024లో, సరిగ్గా పండుగకు తొంభై ఏళ్లు నిండిన ఏడాదే, నేషనల్ ట్రస్ట్ ఫర్ హిస్టారిక్ ప్రిజర్వేషన్ వారు దేశంలో అత్యంత ప్రమాదంలో ఉన్న పదకొండు చారిత్రక స్థలాల జాబితాలో లిటిల్ టోక్యోను చేర్చారు. అద్దెలు పెరిగి పాత అంగళ్లు ఒక్కొక్కటే వెళ్లిపోతున్నాయి. అదే ఏడాది మియాకో హోటల్ గోడ మీద డాడ్జర్స్ బేస్‌బాల్ జట్టు ఆటగాడు షోహెయ్ ఒహ్తాని నూటయాభై అడుగుల చిత్రం వెలిసింది, దాన్ని చూడటానికి జనం బారులు తీరారు. వచ్చినవాళ్లు ఫోటో తీసుకుని వెళ్లిపోకుండా పక్క అంగట్లో ఒక మొచి కొనుక్కుంటే, 1934 నాటి ఆలోచన ఇంకా పనిచేస్తున్నట్టే.

అమెరికాలో స్థిరపడ్డ మన తెలుగు కుటుంబాల్లో ఇప్పుడు రెండో తరం కాలేజీలు దాటుతోంది. అమ్మానాన్నలు ఉగాదికీ దసరాకూ స్కూలు ఆడిటోరియాలు అద్దెకు తీసుకుంటున్నారు, పిల్లలు వేదికెక్కి దిగుతున్నారు. లాస్ ఏంజెలెస్ చుట్టుపక్కల ఉన్నవాళ్లు ఒక్క ఆగస్టు సాయంత్రం పిల్లలను తీసుకుని ఈ వీధికి వెళ్లి చూడాలని నా కోరిక. ఇక్కడ పండుగ నడిపేది నాలుగో తరం, ఐదో తరం. వాళ్లలో చాలామందికి జపనీస్ రాదు. చాలామంది సగం జపనీయులు, పావు జపనీయులు. అయినా ఎవరి అడుగూ తప్పదు.

నిసే వీక్ పెద్దలారా, డోలు మోసే కుర్రాళ్లారా, తెల్లవారుజామునే బియ్యం దంచే మిఠాయివారా, అడుగు నేర్పే అక్కలారా, మీకు తొంభై ఏళ్ల పండుగ శుభాకాంక్షలు. మీ అంగళ్ల అద్దెలు అదుపులో ఉండాలి. మీ పాత కుటుంబాల చేతిలోనే తాళం చెవులు ఉండాలి. నూరేళ్లు నిండే 2034లో, ఫస్ట్ స్ట్రీట్ రెండు కాలిబాటలూ చాలనంత జనం రావాలి.

ఇక వెళ్లాలనుకునే తెలుగువారికి ఒక మాట. ఒందో నేర్చుకోవడానికి పండుగకు ముందు వారాల్లో సాధన తరగతులు పెడతారు, ఎవరైనా వెళ్లవచ్చు. కిమోనో లేకపోయినా ఫరవాలేదు, నడవడానికి వీలైన చెప్పులు చాలు. వరుస చివర నిలబడి, ముందున్న బామ్మ చేతుల వంక చూస్తూ మొదలుపెట్టండి.