నాడీవైద్యుడు కిన్నియర్ విల్సన్

తమ పేరును ఒక వ్యాధికి ఇచ్చి పోయిన వైద్యులలో డాక్టర్ శామ్యూల్ అలెగ్జాండర్ కిన్నియర్ విల్సన్ ఒకరు. ఆయన 1878లో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రమున జన్మించినారు. పసితనముననే తండ్రి గతించగా కుటుంబము ఎడింబరో చేరినది. అచ్చట 1902లో వైద్యపట్టము పొంది, పారిస్‌లో కొంతకాలము అభ్యసించి, 1904లో లండన్ క్వీన్ స్క్వేర్ నాడీరోగ వైద్యశాలలో చేరినారు.

1912లో బ్రెయిన్ పత్రికలో ప్రకటించిన సుదీర్ఘ వ్యాసమే ఆయన కీర్తికి మూలము. యౌవనారంభమున చేతులు వణకుట, మాట ముద్దగుట, మ్రింగలేకపోవుట, అవయవములు బిగుసుకొనుట. మరణానంతరము చూడగా మెదడులో ఒక భాగముతోపాటు కాలేయమును చెడియుండుట. వీనినన్నిటిని ఒకే వ్యాధిగా ఆయన గుర్తించినారు. స్వయముగా చూచిన రోగులు నలుగురే. ఒకే ఇంటి తోబుట్టువులకు ఇది వచ్చునని గమనించియు వంశానుగతమని ఎంచలేదు. కంటి నల్లగ్రుడ్డు అంచున ఏర్పడు వలయమును 1902, 1903లలోనే జర్మన్ వైద్యులు వర్ణించియుండినను ఆ వ్యాసమున దాని ప్రసక్తి లేదు. అంతటి సూక్ష్మదృష్టి గలవారికిని ఇది తప్పిపోయినది!

1924లో రోగుల అదుపులేని కదలికలను ఆయన చలనచిత్రముగా తీయించినారు. మాటల వర్ణన చాలదని తోచియుండునని మా ఊహ. 1937లో ఆయన మరణించునాటికి ఈ వ్యాధికి మందు లేదు. దేహమున రాగి పేరుకొనుటయే దీనికి మూలమని తరువాత తేలినది. 1956లో వాల్ష్ అను వైద్యుడు ఆ రాగిని వెడలించు పెన్సిలమిన్‌ను వాడుకలోకి తెచ్చినారు.

మందు వచ్చిన పిదప క్రొత్త చిక్కు పుట్టినది. మందు మొదలిడగానే కొందరి వణుకు హెచ్చును. అది ఎంత హెచ్చినదో, పిమ్మట ఎంత తగ్గినదో చెప్పవలెనన్న తీవ్రతకు అంకెలు కావలెను. 2007లో ఐరోపా వైద్యులు ఒక కొలమానమును ప్రతిపాదించిరి. 2009లో ముంబై వైద్యులు కాలేయము, బుద్ధి-ప్రవర్తన, కదలిక, ఎముకలు-కండరములు అను నాలుగింటిని కలిపి తూచు మరియొక దానిని ప్రకటించిరి. తెలుగు బోధించు మాకు ఇందలి సూత్రము పరిచితమే: ఒకే జవాబుపత్రమును ఇద్దరు పరీక్షకులు విడివిడిగా దిద్దినను మార్కులు దగ్గరగా ఉండవలెను. విద్యార్థి మెరుగైనపుడు మార్కులును పెరుగవలెను. ఈ రెండును తేలనిదే కొలమానము నమ్మదగినది కాదు. అక్షరము రాని సేద్యగానిని చేవ్రాతతో కొలుచుట తగునా యనియు అడుగవలెను.

కర్నూలు, కడప మండలములలో మేనరికములు మెండు. మేనమామకు మేనకోడలిని ఇచ్చుటయు గలదు. ముస్లిం కుటుంబములలో పినతండ్రి, పెదతండ్రి బిడ్డల మధ్యను వివాహములు జరుగును. వ్యాధికారకమైన జన్యువు తల్లిదండ్రులిద్దరి నుండియు వచ్చినపుడే ఈ వ్యాధి కలుగును. వారిద్దరును దానిని మోయుచున్నచో ప్రతి కాన్పునకు నాలుగింట ఒక పాలు ప్రమాదము. బిడ్డ వణకినచో గాలి సోకినదని తాయెత్తు కట్టించి నెలలు గడుపుట మనమెరుగనిది కాదు. ఆ నెలలలో రాగి కాలేయమును, మెదడును తినుచుండును. ఒక బిడ్డకు ఈ వ్యాధి తేలినచో, ఆరోగ్యముగా కనబడుచున్న అన్నదమ్ములకును, అక్కచెల్లెండ్రకును కంటి పరీక్ష, రక్తపరీక్ష, ఇరువదినాలుగు గంటల మూత్రములో రాగి పరీక్ష వెంటనే చేయించవలెను. వారికి వణుకు పుట్టకమునుపే మందు ఆరంభించుటకు వీలగును.