రేఖలలో వెలసిన యులిసిస్

ట్రాయ్ యుద్ధము ముగిసిన పిదప పదియేండ్లు సముద్రముపై అలమటించి ఇల్లు చేరిన వీరుడు యులిసిస్. హోమరు మహాకవి ఒడిస్సీ కావ్యమునకు నాయకుడు. గ్రీకులు ఆతనిని ఒడిస్సియస్ అందురు. ఆతనికి సిరా గీతలతో నూతనరూపము నొసగినవాడు ఆంగ్లశిల్పి జాన్ ఫ్లాక్స్‌మన్.

ఫ్లాక్స్‌మన్ 1755లో యార్కు నగరమున జన్మించెను. తండ్రి లండనులో సున్నపు ప్రతిమలు పోతపోసి అమ్మువాడు. కుమారుడు చిన్ననాట రోగపీడితుడు. తండ్రి దుకాణములోనే కూర్చుండి బొమ్మలు గీయుచు, లాటిను పుస్తకములతో కుస్తీ పట్టుచు పెరిగెను. 1770లో రాయల్ అకాడమీ పాఠశాలలో చేరెను. 1775 నుండి వెడ్జ్‌వుడ్ పింగాణి కర్మాగారమునకు నమూనాలు చేయుచు పొట్టపోసికొనెను. ప్రాచీన గ్రీకు కలశములపైని చిత్రముల మర్మము ఆ పనిలోనే ఆతనికి పట్టువడెను. రూపమును చుట్టివచ్చు రేఖయే అందు ప్రాణము.

1782లో ఆతడు ఆన్ డెన్మన్ అను విదుషిని పెండ్లాడెను. దానితో ఆతని కళాజీవితము ముగిసినదని అకాడమీ అధ్యక్షుడు రెనాల్డ్స్ పలికెనని చెప్పుదురు. 1787లో దంపతులిరువురును రోముకు పోయి ఏడేండ్లు నివసించిరి. అచ్చట ఒక ప్రభువు కోరికపై ఆరువందల పౌనులకు మహాశిల్పమొకటి చెక్కగా, వచ్చిన సొమ్ముకన్న అయిన వ్యయమే మిక్కుటమయ్యెను. జీవనమునకై ఫ్లాక్స్‌మన్, హేర్ నేలర్ అను ఆంగ్లవనిత కోరగా, హోమరు కథలను చిత్రించెను. ఒక్కొక్క చిత్రమునకు ముట్టినది పదునైదు షిల్లింగులు మాత్రమే. వానిని పిరోలి అను శిల్పి రాగిరేకులపై చెక్కగా 1793లో వెలువడెను.

ఆ చిత్రములలో నీడలు లేవు, రంగులు లేవు. పరదేశపు రాజసభలో గాయకుడు ట్రాయ్ యుద్ధమును గానము చేయుచుండ, తన కథయే అయిన ఆ పాట విని యులిసిస్ మొగము కప్పుకొని విలపించును. చిత్రకారుడు కన్నీటిని చూపలేదు. దుఃఖభారము దేహపు వంపులోనే తెలియును. మరియొక చిత్రమున, ఇరువదేండ్లకు బిచ్చగాని వేషమున తిరిగివచ్చిన యజమానిని ముసలి కుక్క గుర్తించును. చిత్రకారుడు విడిచిన తెల్లని చోటును చూపరి హృదయమే నింపికొనవలెను. గ్రీకు రానివారికిని ఆ వీరుడు ఆప్తుడయ్యెను. స్పెయిను దేశపు గోయా అంతటివాడు ఫ్లాక్స్‌మన్ చిత్రములను చూచి గీసికొనెను.

1794లో లండనుకు మరలిన ఆ శిల్పి 1800లో అకాడమీ సభ్యుడును, 1810లో ఆచార్యుడును అయ్యెను. సంస్కృత పండితుడు విలియం జోన్సునకు ఆక్స్‌ఫర్డులోని స్మారకము ఆతని కృతియే. తంజావూరిలో శరభోజి మహారాజు తన గురుతుల్యుడైన ష్వార్జునకు నెలకొల్పిన పాలరాతి ఫలకమును చెక్కినదియు ఆతడే. 1826లో ఫ్లాక్స్‌మన్ కన్నుమూసెను.

కీర్తిని కోరి చెక్కిన మహాశిల్పము నష్టమును మిగిల్చెను. కూటికై గీసిన చిన్న చిత్రములు ఐరోపా అంతట కీర్తి తెచ్చెను. చిన్నపనియని ఆతడు ఒక్క గీతనైనను అశ్రద్ధతో గీయకుండుటయే అందులకు కారణము.