కర్నూలు గుహల్లో డైనోసార్ ఎముకలు ఉన్నాయా? 140 ఏళ్ల కిందటే తవ్వి చూసిన రాబర్ట్ బ్రూస్ ఫూట్ కథ ఇదీ..

జురాసిక్ సిరీస్‌లో కొత్త సినిమా వచ్చిందంటే చాలు.. తెలుగు డబ్బింగ్ వెర్షన్‌కి కూడా పిల్లలు క్యూ కట్టేస్తారు. ఆ సినిమా చూసి, సెలవుల్లో బెలూం గుహలకో, బేతంచెర్ల వైపు గవులకో వెళ్లిన పిల్లలకు వచ్చే మొదటి డౌట్ ఒకటే. ఇక్కడ కూడా డైనోసార్లు ఉండేవా? చాలామంది పెద్దవాళ్ల దగ్గర దీనికి జవాబు ఉండదు. కానీ ఈ ప్రశ్నకు జవాబు చెప్పగలిగే పని 140 ఏళ్ల కిందటే కర్నూలు జిల్లాలో జరిగింది. ఆ పని చేసిన వ్యక్తి పేరు రాబర్ట్ బ్రూస్ ఫూట్. మన దేశంలో చరిత్రకు ముందు కాలం మీద పరిశోధనలకు ఆయన్నే పితామహుడు అంటారు.

ఎవరీ బ్రూస్ ఫూట్?

1834 సెప్టెంబర్ 22న ఇంగ్లండ్‌లోని చెల్టెన్‌హామ్‌లో పుట్టారు ఫూట్. 24 ఏళ్ల వయసులో, 1858లో జియోలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో ఉద్యోగం వచ్చింది. పోస్టింగ్ మద్రాస్ ప్రెసిడెన్సీలో. అప్పట్లో కర్నూలు, కడప జిల్లాలు కూడా దాని కిందే ఉండేవి. నేల మీద ఏ రాయి ఎక్కడుందో నడిచి చూసి మ్యాప్ గీయడమే డ్యూటీ. రాళ్ల వెంట తిరుగుతూనే పాతకాలపు మనుషుల గుర్తులు వెతకడం ఆయనకు అలవాటైంది.

1863 మే 30న మద్రాస్ దగ్గర పల్లావరంలో ఎర్ర కంకర గుంత ఒకటి చూస్తుండగా ఓ రాయి ఆయన కంట పడింది. చూడ్డానికి మామూలు రాయే. కానీ దాన్ని ఎవరో కావాలని చెక్కినట్టు అంచులు ఉన్నాయి. అది ఆదిమానవుడి చేతిగొడ్డలి. భారతదేశంలో పాతరాతియుగం మనిషి ఉండేవాడని చూపించిన తొలి ఆధారం అదే. అదే ఏడాది సెప్టెంబర్‌లో తోటి ఉద్యోగి విలియం కింగ్‌తో కలిసి వెళ్లినప్పుడు అత్తిరంపాక్కంలోనూ అలాంటి పనిముట్లు దొరికాయి.

కడప, కర్నూలు పేర్లు సైన్స్ పుస్తకాల్లోకి

ఈ విలియం కింగ్ పేరు రాయలసీమ వాళ్లు గుర్తుపెట్టుకోవాల్సిందే. కడప, కర్నూలు రాళ్ల మీద ఆయన రాసిన పెద్ద రిపోర్టు 1872లో అచ్చయింది. అప్పటి నుంచి ఈ రెండు ఊళ్ల పేర్లు భూగర్భ శాస్త్రంలో రాతి పొరల పేర్లుగా నిలిచిపోయాయి. ఇంకో విశేషం ఏంటంటే, ఐర్లండ్‌లో ప్రొఫెసర్‌గా ఉన్న కింగ్ తండ్రి 1864లో నియాండర్తల్ మనిషికి సైంటిఫిక్ పేరు పెట్టారు.

ఇక్కడే మన అసలు ప్రశ్నకు సగం జవాబు ఉంది. పులివెందుల దగ్గర రాతి పొరల మధ్యలోకి చొచ్చుకొచ్చి గడ్డకట్టిన అగ్నిశిల వయసు దాదాపు 188 కోట్ల ఏళ్లు అని ఇప్పటి శాస్త్రవేత్తలు లెక్క తేల్చారు. కింద ఉన్న వేంపల్లె సున్నపురాయి అంతకంటే పాతది. బెలూం, బేతంచెర్ల గుహలు ఉన్న నార్జి సున్నపురాయి దానికంటే చిన్నదే. అయినా 50 కోట్ల ఏళ్లకు పైమాటే. మరి డైనోసార్లు? అవి భూమ్మీదకు వచ్చింది సుమారు 23 కోట్ల ఏళ్ల కిందట. అంటే మన ఇళ్లల్లో పరుచుకునే నాపరాళ్లు పుట్టేనాటికి డైనోసార్లు లేవు. చేపలు కూడా సరిగా లేని కాలం అది. అందుకే ఈ బండల్లో ఎంత వెతికినా డైనోసార్ ఎముక దొరకదు.

మరి గుహలో ఎముకలు ఎక్కడివి?

రాయి పాతదే. కానీ గుహ తర్వాత ఏర్పడింది. కోట్ల ఏళ్ల నాటి సున్నపురాయిని నీళ్లు మెల్లగా కరిగిస్తే గుహ తయారైంది. ఆ గుహలోకి ఇంకా తర్వాత మట్టి చేరింది. ఆ మట్టిలో జంతువుల ఎముకలు కూరుకుపోయాయి. రాయి, గుహ, ఎముక.. మూడింటికీ మూడు వయసులు. గుహ పాతగా కనిపించింది కాబట్టి అందులోని ఎముక కూడా అంత పాతదే అనుకుంటే లెక్క తప్పుతుంది.

బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం గుహల్లో ఎముకలు ఉన్నాయని 1844లోనే కెప్టెన్ న్యూబోల్డ్ అనే సైనికాధికారి రాశారు. బిలస్వర్గం అని కూడా పిలిచే ఈ గుహల సంగతిని ఆ తర్వాత దాదాపు 40 ఏళ్లు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. మళ్లీ కదిలించింది లండన్‌లో ఉన్న థామస్ హెన్రీ హక్స్‌లీ. డార్విన్ సిద్ధాంతానికి అండగా నిలిచిన పేరున్న సైంటిస్టు ఆయన. కర్నూలు గుహల్లో మనిషి పూర్వీకుల ఆనవాళ్లు దొరకొచ్చని ఆయన ఆశ. మద్రాస్ గవర్నర్ గ్రాంట్ డఫ్ దృష్టికి ఈ విషయం తెచ్చారు. గవర్నర్ నుంచి పని ఫూట్ చేతికి వచ్చింది.

తండ్రి మొదలుపెట్టాడు.. కొడుకు తవ్వాడు

1884లో ఫూట్ కర్నూలు జిల్లాకు వచ్చి గుహలు చూశారు. బెలూం గుహల గురించి మొదట రికార్డు చేసింది కూడా ఆయనే. బిల్లసర్గంలో తవ్వకం మొదలయ్యాక, ఆ పనిని ఆయన కొడుకు హెన్రీ ఫూట్ ముందుకు నడిపించారు. హెన్రీ ఆర్మీలో యువ అధికారి. 1885 వరకు ఈ పని సాగింది. గుహలకు తండ్రీకొడుకులు ఇంగ్లిష్ పేర్లు పెట్టుకున్నారు. ఒకటి కెథడ్రల్, ఇంకొకటి పర్గేటరీ, ఎముకలు దొరికిన మరో గుహ చార్నెల్ హౌస్. చార్నెల్ హౌస్ అంటే ఎముకలు దాచే కొట్టు అని అర్థం.

దొరికిన ఎముకలన్నీ రిచర్డ్ లిడెక్కర్ అనే నిపుణుడి దగ్గరికి వెళ్లాయి. ఈయన సామాన్యుడు కాదు. జబల్‌పూర్‌లో దొరికిన ఎముకలను చూసి, 1877లో టైటానోసారస్ ఇండికస్ అని పేరు పెట్టింది ఈయనే. భారత్‌లో పేరు పెట్టిన తొలి డైనోసార్ అది. అంటే డైనోసార్ ఎముక ఎలా ఉంటుందో ఆ రోజుల్లో బాగా తెలిసిన మనిషి చేతికే కర్నూలు ఎముకలు చేరాయి.

1886లో వచ్చిన ఆయన రిపోర్టులో ఒక్క డైనోసార్ కూడా లేదు. ఉన్నవన్నీ మనకు తెలిసిన తరహా జంతువులే. పులి, హైనా, ఎలుగుబంటి, అడవి పంది, ముళ్లపంది, అడవి గాడిద, జింకలు, కోతులు ఉన్నాయి. అన్నిటికంటే ఆశ్చర్యం ఖడ్గమృగం. ఇవాళ అస్సాం వెళ్తేగానీ చూడలేని జంతువు ఒకప్పుడు బేతంచెర్ల చుట్టుపక్కల తిరిగింది. దానికి లిడెక్కర్ పెట్టిన పేరు రైనోసెరస్ కర్నూలియెన్సిస్. కర్నూలు పేరు అలా ఓ జంతువుకు కూడా దక్కింది.

సినిమాలు ఎక్కడ పప్పులో కాలేశాయి?

1966లో వచ్చిన వన్ మిలియన్ ఇయర్స్ బీసీ సినిమాలో గుహ మనుషులు డైనోసార్లతో పోరాడతారు. పేరు ప్రకారం కథ 10 లక్షల ఏళ్ల కిందటిది. కానీ పెద్ద డైనోసార్లు అంతరించింది 6.6 కోట్ల ఏళ్ల కిందట. మన జాతి మనిషి వచ్చి సుమారు 3 లక్షల ఏళ్లే. ఈ తేడా అర్థం కావాలంటే ఇలా లెక్కేయండి. ఒక రోజు రాత్రి 12 గంటలకు డైనోసార్లు పోయాయనుకుంటే, మనిషి వచ్చింది మర్నాడు రాత్రి 11.53కి. ఇద్దరూ ఎదురుపడే ఛాన్సే లేదు. ఫూట్ కొడుకు తవ్విన గుహలో ఎముకలన్నీ ఆ చివరి నిమిషాలవే.

ఇక జురాసిక్ పార్క్ సంగతి. 1993లో వచ్చిన ఆ సినిమా పేరులో జురాసిక్ ఉన్నా, హీరో లాంటి టీ రెక్స్, వెలాసిరాప్టర్ రెండూ ఆ తర్వాతి క్రెటేషియస్ కాలానివి. సినిమాలో మనిషంత ఎత్తుండే వెలాసిరాప్టర్ నిజానికి ఓ సీమకోడి సైజు జంతువు. పైగా దానికి ఈకలు ఉండేవని 2007లో ముంజేతి ఎముక మీది గుర్తులతో తేలింది. దోమ కడుపులోని రక్తంతో డీఎన్ఏ తీయడం కూడా కుదరని పని. ఎముకలో డీఎన్ఏ 521 ఏళ్లకు సగం పాడైపోతుందని 2012లో ఓ అధ్యయనం లెక్కగట్టింది. కోట్ల ఏళ్లు గడిచాక చదవడానికి ఏమీ మిగలదు.

ఇక్కడో తమాషా ఉంది. పక్షులకు, డైనోసార్లకు చుట్టరికం ఉందని 1860ల చివర్లోనే గట్టిగా వాదించింది ఎవరో కాదు.. ఫూట్‌ను కర్నూలు గుహలకు పంపేలా చేసిన హక్స్‌లీనే! సినిమావాళ్లు ఈకల్లేని రాప్టర్లను తెరమీద పరుగెత్తించడానికి 120 ఏళ్ల ముందు మాట ఇది. అప్పుడు పెద్దగా ఒప్పుకోలేదు గానీ, ఇప్పుడు పక్షులు డైనోసార్ల వారసులే అని సైన్స్ అంటోంది.

మరి తెలుగు నేల మీద డైనోసార్లు లేవా?

ఎందుకు లేవు? ఉన్నాయి. కాకపోతే రాయలసీమలో కాదు, గోదావరి, ప్రాణహిత లోయలో. అక్కడి రాళ్లు సరిగ్గా జురాసిక్ కాలానివి. పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికిన కోటసారస్ అస్థిపంజరాన్ని హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో నిలబెట్టారు. ఇదే లోయలో దొరికిన ఇంకో పెద్ద డైనోసార్ బారాపాసారస్‌కు రవీంద్రనాథ్ ఠాగూర్ పేరు కలిపారు. డైనోసార్ల కాలం రాళ్లను ఫూట్ కూడా చూశారు. ఒంగోలు వైపు వేమవరం దగ్గరి పొరల గురించి ఆయన 1879లో రాశారు. కానీ అక్కడ దొరికినవి ఆకుల అచ్చులు. ఆకులు దొరికితే ఆకులనే రాశారు.

దొరకనిది దొరకలేదనే చెప్పారు

ఫూట్ జీవితంలో పెద్ద పరీక్ష కర్నూలు గుహలే. గవర్నర్, హక్స్‌లీ లాంటి పెద్దవాళ్లు ఎదురుచూసింది ఆదిమానవుడి అస్థిపంజరం కోసం. అది దొరకలేదు. దొరికిన వాటిలో కొన్ని ఎముకలు మాత్రం చెక్కినట్టు ఉన్నాయని, అవి మనిషి చేసిన పనిముట్లని ఆయన నమ్మారు. పక్కన రాతి పనిముట్లు లేకపోవడంతో ఆ మాట మీద చాలా ఏళ్లు సందేహాలు వెంటాడాయి. ఫూట్ బతికుండగా ఆ వాదన తేలలేదు.

1970ల్లో ఎం.ఎల్.కె. మూర్తి బేతంచెర్ల ప్రాంతంలోనే ముచ్చట్ల చింతమాను గవిలో తవ్వారు. అక్కడ ఎముక పనిముట్లు, దాదాపు 17 వేల ఏళ్ల నాటి పొయ్యి ఆనవాళ్లు దొరికాయి. ఈ గవుల్లో ఆదిమానవుడు ఉన్నాడన్న ఫూట్ నమ్మకానికి బలం వచ్చింది. బనగానపల్లె దగ్గర జ్వాలాపురంలో 74 వేల ఏళ్ల కిందట సుమత్రాలో పేలిన టోబా అగ్నిపర్వతం బూడిద, దాని కిందా పైనా మనుషుల రాతి పనిముట్లు బయటపడ్డాయి. బిల్లసర్గంలో మళ్లీ చేసిన పరిశోధన ఫలితాలు 2014లో వచ్చాయి. అందులో గుర్తించిన 21 రకాల క్షీరదాల్లో ఒక్కటి తప్ప మిగతా 20 ఇప్పటికీ ఉపఖండంలో బతికే ఉన్నాయి. మంచు యుగం పోయినా, కరువులొచ్చినా తట్టుకుని లక్ష ఏళ్లకు పైగా నిలబడిన జంతువులు ఇవి. ఇవాళ వాటిలో చాలా వాటికి ప్రమాదం మనిషి నుంచే.

చివరి రోజులు

1891లో సర్వే నుంచి రిటైరయ్యాక ఫూట్ బరోడా, మైసూరు సంస్థానాల్లో పనిచేశారు. సేలం దగ్గరి ఏర్కాడులో స్థిరపడ్డారు. నలభై ఏళ్లకు పైగా పోగేసిన పనిముట్లు, కుండపెంకులను 1904లో రూ.40 వేలకు మద్రాస్ మ్యూజియానికి ఇచ్చేశారు. ఏ వస్తువు ఏ ఊళ్లో దొరికిందో రాసిపెట్టిన ఆయన కేటలాగ్ ఇప్పటికీ పరిశోధకులకు దారి చూపిస్తోంది. 1912 డిసెంబర్ 29న, 78 ఏళ్ల వయసులో కలకత్తాలో కన్నుమూశారు.

మనం ఏం చేయాలి?

గుహ మట్టిలో ఎముక ఏ పొరలో ఉందన్నదే దాని వయసు చెప్పే ఆధారం. సరదాకి తవ్వినా, ఓ ముక్క జేబులో వేసుకొచ్చినా ఆ ఆధారం పోతుంది. మళ్లీ రాదు. కాబట్టి ఈసారి బెలూం వెళ్తే, బేతంచెర్ల గవులు చూస్తే.. ఫొటోలు తీసుకోండి, మట్టిని మాత్రం ముట్టుకోకండి. పిల్లలు డైనోసార్ల గురించి అడిగితే, కాళ్ల కింద ఉన్న బండ డైనోసార్ల కంటే పాతదని, ఇక్కడ తిరిగింది మాత్రం ఖడ్గమృగమని చెప్పండి. సినిమాలో లేని ఈ సంగతి మన కర్నూలు మట్టిలోనే బయటపడింది మరి!