అక్బర్ హైదరీ: ఉస్మానియాకు దారి వేసిన లెక్కల మనిషి

ఆసిఫాబాద్: ఇక్కడ డిగ్రీ చదివే పిల్లల సర్టిఫికెట్ మీద ఉండేది కాకతీయ యూనివర్సిటీ పేరు. అది 1976లో వచ్చింది. అంతకు ముందు వరంగల్, కరీంనగర్, ఆదిలాబాద్ వాళ్లందరికీ ఒక్కటే దిక్కు, ఉస్మానియా. ఆ యూనివర్సిటీ పేరు వినగానే ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ గుర్తుకు వస్తారు. అది సహజమే. కానీ యూనివర్సిటీ పెట్టాలని కాగితం మీద రాసి, లెక్కలు చూపించి, నిజాంను ఒప్పించిన మనిషి మాత్రం వేరే. ఆయనే సర్ అక్బర్ హైదరీ. ఈ తరం పిల్లల్లో ఆయన పేరు తెలిసినవాళ్లు చాలా తక్కువ.

హైదరీ హైదరాబాదీ కాదు. 1869 నవంబర్ 8న బొంబాయిలో సులేమానీ బోహ్రా కుటుంబంలో పుట్టారు. బొంబాయి సెయింట్ జేవియర్స్ కాలేజీలో చదివి, 1888లో బ్రిటిష్ ఇండియా ఫైనాన్స్ శాఖలో ఉద్యోగంలో చేరారు. ఆయన పని లెక్కలు తనిఖీ చేయడం. 1905లో నిజాం ప్రభుత్వానికి అకౌంటెంట్ జనరల్‌గా వచ్చారు. కొన్నాళ్లు పని చేసి వెళ్లిపోవాల్సిన ఆఫీసర్, చివరికి ఈ రాష్ట్రానికే ప్రధాని అయ్యారు.

ఆయన భార్య అమీనా హైదరీ, పేరున్న తయ్యబ్జీ కుటుంబం ఆడబిడ్డ. 1908 సెప్టెంబర్‌లో మూసీ వరద హైదరాబాద్‌ను ముంచెత్తినప్పుడు ఆమె బయటికి వచ్చి బాధితులకు సాయం చేశారు. అందుకు కైసర్-ఎ-హింద్ పతకం వచ్చింది. ఆడవాళ్లు గడప దాటడమే కష్టమైన రోజుల్లో ఇది చిన్న విషయం కాదు.

1911లో హైదరీ హోం సెక్రటరీ అయ్యారు. విద్యాశాఖ కూడా ఆయన చూపులోకి వచ్చింది. అప్పట్లో రాష్ట్రంలో పై చదువు అంటే నిజాం కాలేజీ. అది మద్రాసు యూనివర్సిటీ కింద నడిచేది, చదువంతా ఇంగ్లిష్‌లో. ఇంత పెద్ద రాష్ట్రం నుంచి డిగ్రీ పాసై బయటికి వచ్చేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. దీనికి కారణం ఏందని చూస్తే, పిల్లల తెలివి తక్కువ కాదు, భాష బరువు ఎక్కువ అని హైదరీకి అర్థమైంది. పరాయి భాషలో చదివే పిల్లవాడి సగం శక్తి మాటలు గుర్తు పెట్టుకోవడానికే పోతుంది, ఆలోచించడానికి మిగలదు అన్నది ఆయన వాదన.

ఈ వాదనతో 1917లో నిజాంకు అర్జ్‌దాష్త్ సమర్పించారు. ఉర్దూలో చదువు చెప్పే యూనివర్సిటీ పెట్టాలి, ఇంగ్లిష్ ఒక తప్పనిసరి సబ్జెక్టుగా మాత్రం ఉండాలి అన్నది దాని సారం. ఆ ఏడాది ఏప్రిల్ 26న నిజాం ఫర్మానా వచ్చింది. ఇండియాలో ఒక దేశీ భాషలో పై చదువులు చెప్పే యూనివర్సిటీ అప్పటిదాకా లేదు.

ఫర్మానా అయితే వచ్చింది కానీ పుస్తకాలు లేవు. ఫిజిక్స్, కెమిస్ట్రీ, చరిత్ర, ఎకనామిక్స్, ఏ సబ్జెక్టుకూ ఉర్దూలో డిగ్రీ స్థాయి పుస్తకం లేదు. అందుకే క్లాసుల కంటే ముందే 1917లో దారుల్ తర్జుమా మొదలైంది. మౌల్వీ అబ్దుల్ హక్ దానిని నడిపించారు. పండితులు కూర్చొని ఒక్కో ఇంగ్లిష్ మాటకు ఉర్దూ మాట తయారు చేశారు. యూనివర్సిటీకి ముందు అనువాద కార్యాలయం పెట్టడం లెక్కలు తెలిసిన మనిషి ఆలోచనే. సరుకు లేకుండా దుకాణం తెరవరు కదా.

1919 ఆగస్టు 28న బషీర్‌బాగ్ దగ్గర, నిజాం కాలేజీ పక్క భవనంలో క్లాసులు మొదలయ్యాయి. అప్పుడు చేరింది ఇంటర్మీడియట్ పిల్లలే. తర్వాత మెడికల్ కాలేజీ, ఇంజినీరింగ్ కాలేజీ ఒక్కొక్కటే వచ్చాయి. ఉర్దూలో చదివి డాక్టర్లు, ఇంజినీర్లు అయ్యారు. తెలుగు శాఖలో కవి రాయప్రోలు సుబ్బారావు పాఠాలు చెప్పారు. ఎం.ఏ. చదివిన మఖ్దూం మొహియుద్దీన్ ఇక్కడి నుంచే వెళ్లి, తర్వాత నిజాం పాలన మీదే తిరగబడ్డారు.

హైదరీ 1921 నుంచి ఫైనాన్స్ మెంబర్. రాష్ట్ర బడ్జెట్‌ను ఒక పద్ధతిలోకి తెచ్చిన పేరు ఆయనది. ఆయన చేసిన పనుల్లో రైల్వే కొనుగోలు ముఖ్యమైనది. నిజాం రైల్వేను లండన్‌లో పెట్టిన కంపెనీ నడిపేది. వాటాదారులకు ఇంత వడ్డీ వస్తుందని నిజాం ప్రభుత్వం గ్యారంటీ ఇచ్చింది. అంటే నష్టం వస్తే భారం ఇక్కడి ఖజానాది, లాభం వస్తే వాటా అక్కడివాళ్లది. 1930లో ఆ రైల్వేను ప్రభుత్వమే కొనేసింది. అంతకు ఒక ఏడాది ముందే, 1929లో, కాజీపేట నుంచి బల్లార్షా దాకా లైను పూర్తయింది. ఆసిఫాబాద్ రోడ్ స్టేషన్ ఆ లైను మీదిదే. స్టేషన్ ఊరికి దూరమే అయినా, పట్నం పోయి చదువుకోవాలనుకున్న ఇక్కడి పిల్లలకు తొవ్వ దొరికింది.

అడిక్‌మెట్ దగ్గర విశాలమైన స్థలంలో క్యాంపస్ కట్టాలని నిర్ణయించారు. ఇద్దరు ఇంజినీర్లను, సయ్యద్ అలీ రజా, జైన్ యార్ జంగ్‌ను, విదేశాల యూనివర్సిటీలు చూసి రమ్మని పంపారు. బెల్జియం ఆర్కిటెక్ట్ జాస్పర్ డిజైన్ ఇచ్చారు. 1934లో ఆర్ట్స్ కాలేజీకి పునాది రాయి పడింది, 1939 డిసెంబర్ 4న నిజాం ప్రారంభించారు. అజంతా, ఎల్లోరా స్తంభాల పోలికలు, ముస్లిం కట్టడాల కమాన్లు ఒకే గోడలో కనిపిస్తాయి. అజంతా చిత్రాలను కాపాడే పనికి హైదరీ కూడా అండగా నిలిచారు. ఆయన అభిరుచికి ఈ భవనం సరిగ్గా సరిపోయింది.

ఇంతవరకు కథ మంచిగనే ఉంది. కానీ 1937లో హైదరీ ప్రధాని, అంటే సదర్-ఎ-ఆజం అయ్యాక, ఆయన కట్టిన ఇంట్లోనే గొడవ మొదలైంది.

1938 చివరలో ఉస్మానియా హాస్టల్‌లో హిందూ విద్యార్థులు వందేమాతరం పాడారు. యూనివర్సిటీ వద్దన్నది, పిల్లలు వినలేదు. వందల మందిని బయటికి పంపారు. గొడవ వరంగల్ దాకా పాకింది. వెళ్లగొట్టిన వాళ్లకు నాగపూర్ యూనివర్సిటీ తలుపు తెరిచింది. అలా పోయినవాళ్లలో తర్వాత దేశ ప్రధాని అయిన పి.వి. నరసింహారావు ఒకరు.

అసలు గొడవ ఒక్క పాటది కాదు. సొంత భాషలో చదువు అన్న మాట మీద పుట్టిన యూనివర్సిటీ అది. కానీ ఆ రాష్ట్రంలో ఉర్దూ ఇంటి భాషగా ఉన్నవాళ్లు పదిమందిలో సుమారు ఒక్కరు. దాదాపు సగం మంది తెలుగువాళ్లు, ఆ తర్వాత మరాఠీ, కన్నడ వాళ్లు. ఇంగ్లిష్ బరువు దించుతామన్న చదువు, తెలుగు పిల్లవాడికి ఉర్దూ బరువు ఎత్తింది. హైదరీ చెప్పిన న్యాయం నిజమే, అది రాష్ట్రంలో ఎక్కువ మందికి అందలేదు. ఈ రెండూ కలిపి చెప్పుకుంటేనే ఆయన జీవితం పూర్తవుతుంది.

ఇంకో లెక్క ఆసిఫాబాద్ అడవుల్లో ఉంది. అడవి, భూమి తమవేనని గోండుల పక్షాన నిలబడిన కొమురం భీమ్‌ను 1940లో జోడేఘాట్ దగ్గర నిజాం బలగాలు కాల్చి చంపాయి. అప్పుడు సదర్-ఎ-ఆజం కుర్చీలో ఉన్నది హైదరీనే. ఆర్ట్స్ కాలేజీ తలుపులు తెరిచి అప్పటికి ఏడాది కూడా కాలేదు. పట్నంలో అంత గొప్ప భవనం లేచిన ప్రభుత్వంలోనే గోండు గూడేలకు బడి చేరలేదు, పోలీసులు మాత్రం చేరారు.

1941లో హైదరీ ప్రధాని పదవి వదిలి, ఢిల్లీలో వైస్రాయ్ కౌన్సిల్‌లో సమాచార, ప్రసార శాఖ తీసుకున్నారు. ఎక్కువ రోజులు పని చేయలేదు. 1942 జనవరిలో కన్నుమూశారు. కొడుకు సాలెహ్ అక్బర్ హైదరీ ఐ.సి.ఎస్. చేసి, స్వతంత్ర భారతంలో అస్సాం గవర్నర్‌గా పని చేశారు.

హైదరీ పోయిన మరుసటి ఏడాదే, 1943లో, ఆయన చెప్పిన మాట ఆయన చూడని చోట మొలకెత్తింది. జోడేఘాట్ తిరుగుబాటు తర్వాత గోండుల బాధలు తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా శాస్త్రవేత్త సాయం తీసుకున్నది. ఆయన మార్లవాయిలో ఉండి, గోండు యువకులకు టీచర్ ట్రైనింగ్ పెట్టించారు. గోండీ భాషలో వాచకాలు తయారయ్యాయి. గోండు పిల్లలు తమ ఇంటి మాటలోనే అక్షరాలు దిద్దారు. ఆ హైమన్‌డార్ఫ్ తర్వాత ఉస్మానియాలో ప్రొఫెసర్‌గా కూడా పని చేశారు.

1948 పోలీస్ యాక్షన్ తర్వాత ఉస్మానియాలో చదువు ఇంగ్లిష్‌కు మారింది. దారుల్ తర్జుమా పని ఆగిపోయింది. ఉర్దూ పేరుతో మళ్లీ ఒక యూనివర్సిటీ రావడానికి 1998 దాకా, మౌలానా ఆజాద్ యూనివర్సిటీ దాకా ఆగాల్సి వచ్చింది.

ఇప్పటికీ కొమురం భీమ్ ఆసిఫాబాద్ జిల్లాలో ఇంట్లో గోండీ, కొలామీ, ఉర్దూ, మరాఠీ, తెలుగు మాట్లాడి, బడిలో వేరే భాషలో చదివే పిల్లలు ఉన్నారు. వందేళ్ల కింద హైదరీ పెట్టిన అర్జీలోని ప్రశ్న వాళ్ల బ్యాగులో ఇంకా అలాగే ఉంది. ఆయన జవాబు సగమే ఇచ్చారు. మిగిలిన సగం ఆ పిల్లలకు బాకీ ఉంది.